నిన్న రాలేదేం?

ఆయన విజయనగరంలో పీఈటీగా చేసి రిటైరయ్యారు. ఏళ్ళ తరబడి పొద్దున్నే ఒక నడక బృందాన్ని నడిపిస్తున్నారు. ఆవిడ శ్రీకాకుళంలో స్టాఫ్ నర్సు. ఎక్సర్‌సైజు మానదు, ఏ బృందంలోనూ చేరదు. మాట ఎలా మొదలైందన్నది వదిలేసి ముడిపడ్డ చోటి నుంచి రాస్తున్నాను.

మాస్టారు: మనిషిని మంచం మీంచి లేపేది ఆరోగ్యం కాదమ్మా. ఆరోగ్యం మంచిదని తెలీనివాడెవడు? షుగర్ రిపోర్టు చూసిన సాయంత్రం అందరూ బూట్లు కొంటారు. నెల తిరిగేసరికి ఆ బూట్లు అటకెక్కుతాయి. నేను చూసినంతలో లేపేది ఒక్కటే మాట: "నిన్న రాలేదేం?" ఆ మాట అడిగేవాడొకడు గ్రౌండులో ఉన్నాడని తెలిస్తే ముసురు పట్టినా కాళ్ళు అటే పోతాయి. ఒక్కడివే అయితే నిన్ను నువ్వే అడుక్కోవాలి, నువ్వే జవాబు చెప్పుకోవాలి. జడ్జీ నువ్వే, ముద్దాయీ నువ్వే. కేసు కొట్టీకుండా ఉంటావా?

సిస్టర్: ఆ మాట మీదే నాకు పేచీ, మాస్టారూ. వచ్చేవాళ్ళకి అది ప్రేమ. రాలేనివాళ్ళకి? నైట్ డ్యూటీ చేసి, హేండోవర్ ఇచ్చి, నేను ఇంటికి చేరేసరికి మీవాళ్ళ టిఫిన్లు కూడా అయిపోతాయి. రెండ్రోజులు రాకపోతే అడుగుతారు. వారం రాకపోతే జోకులేస్తారు. నెల రాకపోతే అడగడం మానేస్తారు, కానీ ఆ నెల తర్వాత మొహం చూపించాలంటే సిగ్గు. మా ఓపీకి వచ్చేవాళ్ళని వాకింగ్ ఎందుకు మానేశారండీ అని అడుగుతుంటాను. "మధ్యలో ఊరెళ్ళాను సిస్టర్, మళ్ళీ వెళ్ళాలంటే ఏదోలా అనిపించింది" అంటారు. వాళ్ళని మాన్పించింది బద్ధకం కాదు. మీ ప్రశ్న.

మాస్టారు: ప్రశ్నది కాదు తప్పు, అడిగే గొంతుది. వెటకారంగా అడిగేవాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు, కాదనను. వాడొకడున్నాడని గుంపునే వద్దంటావా? మన వైపు కసరత్తు అనేది పుట్టిందే నలుగురి మధ్య. సంక్రాంతికి పల్లెలో సంగిడి ఎత్తేవాడు పెరట్లో ఎత్తడు, రచ్చ దగ్గర ఎత్తుతాడు. ఊరు చుట్టూ మూగితేనే రాయి నేల వదుల్తుంది. కోడి రామ్మూర్తి నాయుడు సంగతి చూడు. వీరఘట్టంలో పుట్టాడు, విజయనగరంలో పోలీసు ఉద్యోగం చేసే పినతండ్రి దగ్గర పెరిగాడు. ఇక్కడి తాలింఖానాలో, అంటే కసరత్తుశాలలో, ఆ మట్టిలో దండీలు, బస్కీలు తీసి తీసి అంతవాడయ్యాడు. సైదాపేటలో వ్యాయామ శిక్షణ పూర్తి చేసుకొచ్చి విజయనగరంలోనే డ్రిల్లు మాస్టరుగా చేశాడు. అంటే నా కులమే! సర్కస్సూ, లండనూ, ఇండియన్ హెర్క్యులిస్ బిరుదూ అన్నీ తర్వాత. ముందు తాలింఖానా.

సిస్టర్: రామ్మూర్తి నాయుడిని మీరొక్కరే తీసుకుపోతే ఎలా? మా తాతలు కూడా ఆయన కథలే చెప్పేవారు. ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్న మనిషి దేన్ని నమ్ముకున్నాడు? ప్రాణాయామాన్ని. వాయుస్తంభన, జలస్తంభన అని చెప్పుకునేవారు కదా, ఆ సాధన పక్కన నలుగురుంటే కుదురుతుందా? చప్పట్లు ప్రదర్శన నాటికి. ఊపిరి బిగబట్టడం నేర్చుకున్న రోజుల్లో చప్పట్లెవరు కొట్టారు? మీరు చూసింది సర్కస్ డేరాలో రామ్మూర్తిని. నేనడిగేది డేరా వేయక ముందటి మనిషిని.

మాస్టారు: పట్టుదల లోపలిదే, ఒప్పుకుంటాను. కానీ అది నిలబడ్డానికి బయట ఒక చోటు కావాలి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట ఎంతూరు? అక్కడ నీలంశెట్టి అప్పన్న గారు ఆడపిల్లలకి బరువులు ఎత్తడం నేర్పకపోతే 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి ఎక్కడుండేది? 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారత మహిళ. ఒంటరిగా ఇంట్లో ఇటుకలెత్తుకుంటూ కూర్చుంటే అయ్యేదా?

సిస్టర్: ఆ కథలో మీరు దాటేసిన ముక్క ఒకటుంది. మొదట్లో ఆ పిల్ల మరీ సన్నగా ఉంది, బరువులకి పనికిరాదన్నారట. గుంపు అన్నాక గుమ్మం ఉంటుంది. గుమ్మంలో ఎవరో ఒకరు నిలబడి ఈమె పనికొస్తుంది, ఈమె పనికిరాదు అని కొలుస్తూనే ఉంటారు. మల్లీశ్వరి మొండిది కాబట్టి నిలబడింది. ఆ మాట విని ఇంటికెళ్ళిపోయిన పిల్లల పేర్లు మీకు తెలుసా? ఎవరికీ తెలీవు.

మాస్టారు: వద్దన్నాక కూడా ఆ పిల్ల అక్కడెలా మిగిలింది? ఇంట్లో అక్కచెల్లెళ్ళు కూడా అదే పనిలో ఉన్నారు, తల్లి వెనక నిలబడింది. తోబుట్టువు జాతీయ శిబిరానికి ఎంపికైతే తను తోడుగా వెళ్ళింది. అక్కడ తారనెంకో కంట్లో పడింది. ఒలింపిక్ ఛాంపియన్ ఆయన, అలాంటి కంట్లో పడ్డానికి కారణమేటి? తోడు వెళ్ళడం! ప్రతిభ మల్లీశ్వరిదే. దారి మాత్రం తోడు వల్ల దొరికింది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ చూడు. ఒక ఊరు ఊరంతా వెయిట్‌లిఫ్టింగ్. అక్కడి పిల్లే మత్స సంతోషి, 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. పైన గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగులో దొరికిపోవడంతో అది వెండిగా మారింది. ఆ ఊళ్ళో పిల్లలకి పొద్దున్నే బేగి లేవమని ఎవరూ చెప్పక్కర్లేదు. పక్కింటి పిల్ల లేచింది కాబట్టి ఈ పిల్ల లేస్తుంది.

సిస్టర్: పక్కింటి పిల్లకి రైల్వేలోనో ఆర్మీలోనో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చింది కాబట్టి కూడా లేస్తుంది. అందులో తప్పేం లేదు, మన జిల్లాల్లో ఉద్యోగం కన్నా పెద్ద పతకం ఏముంది? కానీ దాన్ని తెచ్చి, షుగరున్న యాభై ఏళ్ళ మనిషిని రోజూ నడిపించే సమస్యకి జవాబంటే నేనొప్పుకోను. తెల్లారకుండా హైవే పక్కన పరిగెత్తే గుంటల్ని చూస్తాం కదా. అగ్నివీర్ కోసం 1600 మీటర్లు. ఐదున్నర నిమిషాల్లో కొడితే పూర్తి మార్కులు. ఎంత బాగా పరిగెడతారు, ఎంత కలిసికట్టుగా! వయసు పరిమితి దాటిపోయిన మర్నాడు వాళ్ళలో ఒక్కడైనా రోడ్డు మీద కనిపిస్తాడా? చెన్నైకో హైదరాబాదుకో పనికి పోతాడు. ముప్పై ఐదుకి బొజ్జతో మా దగ్గరికి వస్తాడు. గుంపు ఉంది, క్రమశిక్షణ ఉంది, గమ్యం కూడా ఉంది. గమ్యం తీరిపోయాక ఏం మిగిలింది?

మాస్టారు: ఆ దెబ్బ నాకు తగిలింది. నా దగ్గర సెలెక్షన్లకి తయారైన కుర్రాళ్ళలో ఇప్పటికీ ఒళ్ళు కదిపేవాళ్ళు కొద్దిమందే. కానీ వాళ్ళెవరో చూడు. ఊళ్ళో సాయంత్రం వాలీబాల్ ఆడేవాళ్ళు. కోర్టు ఉంది, నెట్టుంది, పిలిచేవాడున్నాడు. గమ్యం పోయినా గుంపు ఉన్నవాడు మిగిలాడు. గుంపూ పోయినవాడికి రెండూ పోయాయి.

సిస్టర్: పోనీ అలాగే అనుకుందాం. గుంపు వల్ల ఆడుతున్నారా, ఆడే గుణం ఉన్నవాళ్ళు గుంపులో మిగిలారా?

(ఈ చోట ఇద్దరూ కాసేపు ఒకరి మాట ఒకరు వినలేదు. కారణమేదో ఫలితమేదో తేల్చని ఆ ప్రశ్న మీద మాస్టారికి చిరాకు. నాకు మాత్రం మొత్తం సంవాదంలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న అదేననిపించింది.)

మాస్టారు: నీకు పరిశోధనలే కావాలంటే అవీ ఉన్నాయి. మా ట్రైనింగులో మొదటి పాఠమే ట్రిప్లెట్ అనే ఆయన. అమెరికాలో 1898లో సైకిల్ పందేల లెక్కలన్నీ తిరగేశాడు. ఒంటరిగా గడియారంతో పోటీ పడ్డవాడి కన్నా, పక్కన ఇంకొకడున్నవాడు వేగంగా తొక్కుతున్నాడు. నీ చేతిలో ఉండే బీపీ పట్టీతోనే ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ఒక పరీక్ష చేశారు. పన్నెండు మంది పడవ పందేలవాళ్ళు. ఒకసారి విడివిడిగా, ఒకసారి కలిసి, అదే యంత్రం మీద అదే కసరత్తు. తర్వాత చేతికి పట్టీ బిగించి ఎంతవరకు ఓర్చుకుంటారో చూశారు. కలిసి చేసిన రోజు ఓర్పు బాగా ఎక్కువ. 2009లో అచ్చయింది. శ్రమ అంతే, కష్టం తక్కువ. ఇంకేం కావాలి?

సిస్టర్: ఆ పన్నెండు మందీ చేయి తిరిగిన ఆటగాళ్ళు. ట్రిప్లెట్ సైకిళ్ళవాళ్ళూ అంతే. 1965లో ఇంకొకాయన ఈ లెక్కలన్నీ కలిపి చూసి తేల్చిన సంగతి మీ పాఠంలో లేదా? వచ్చిన పనిని నలుగురి ముందు ఇంకా బాగా చేస్తాం. రాని పనిని నలుగురి ముందు ఇంకా పాడు చేస్తాం. మా దగ్గరికి వచ్చే మనిషి నలభై ఎనిమిదేళ్ళావిడ, పెళ్ళయ్యాక చేతులు తల మీదికెత్తింది అటక మీద డబ్బాలు దింపడానికే. ఆవిణ్ణి తెచ్చి సూర్యనమస్కారాల వరసలో నిలబెడితే? కుడికాలో ఎడంకాలో తెలీక పక్కావిణ్ణి చూస్తూ, తననెవరు చూస్తున్నారో చూస్తూ. ఆ గంటలో ఆవిడ నేర్చుకునేది ఒకటే, ఇది నా వల్ల కాదని.

మాస్టారు: అందుకే వెనక వరస ఉంటుంది. నేను కొత్తవాళ్ళని ఎప్పుడూ ముందు పెట్టను.

సిస్టర్: వెనక వరస అంటే తెలిసిపోయే వరస కదా, మాస్టారూ.

మాస్టారు: (నవ్వు) సరే. నడకకి వరసలు లేవు. నడక చేయి తిరగక్కర్లేని పని. నడక బృందాల మీద ఇంగ్లండు వాళ్ళు 42 అధ్యయనాలు, 1,843 మందిని కలిపి చూశారు, 2015లో. బీపీ తగ్గింది, నాడి తగ్గింది, కొవ్వు తగ్గింది, దిగులు తగ్గింది. చేరినవాళ్ళలో ముప్పావు వంతు మంది మానకుండా నడిచారు. మందులైనా అంత నమ్మకంగా మింగుతారా మీ రోగులు?

సిస్టర్: మింగరు. ఆ మాట నిజం. కానీ చేరినవాళ్ళలో ముప్పావు వంతు అన్నారు. చేరనివాళ్ళ సంగతో? మన దేశంలో పెద్దవాళ్ళలో దాదాపు సగం మంది ఒంటికి కావలసినంత కదలడం లేదని 2022 లెక్క. మగవాళ్ళలో 42 శాతం, ఆడవాళ్ళలో 57 శాతం. ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో మీ గ్రౌండు గేటు దగ్గర నిలబడితే తెలుస్తుంది. పొద్దున్న ఐదున్నరకి లోపల నడిచేవాళ్ళలో ఆడవాళ్ళు ఎందరు? ఆ వేళకి మేము పాలు కాస్తున్నాం, కారియర్లు కడుతున్నాం. మీ గుంపులో మగవాళ్ళు అంత ఠంచనుగా రాగలుగుతున్నారంటే ఇంటి దగ్గర ఇంకొకరు లేచి ఉన్నారు కాబట్టి. ఆవిడ హాజరు ఎవరేస్తారు?

మాస్టారు: అది మా ఇంటి గుమ్మం దాకా వచ్చిన మాట. నిజమే, మా ఆవిడ ఎప్పుడూ గ్రౌండుకి రాలేదు. రమ్మన్నాను. "మీరెళ్ళండి" అనేది. నేను వెళ్ళీసేవాణ్ణి. ఇంతకన్నా చెప్పను. కానీ నువ్వు కూడా ఒకటి చూడు. ఆడపిల్ల ఒక్కర్తీ చీకటితో రోడ్డు మీద నడవగలదా? కుక్కలు, తాగినవాళ్ళు, బండి స్లో చేసి తొంగిచూసేవాళ్ళు. నాగావళి కట్ట మీద నలుగురు కలిసి వెళ్తే అది వాకింగు. ఒక్కర్తీ వెళ్తే దానికి ఊళ్ళో ఏం పేరు పెడతారో నీకు తెలుసు. గుంపు ఆడదానికి అలంకారం కాదు, అవసరం.

సిస్టర్: ఇది మీరు చెప్పినవాటిలో అన్నిటికన్నా గట్టి మాట. దీనికి నా దగ్గర ఎదురు లేదు. నలుగురుంటే కుక్క కూడా ఆలోచిస్తుంది. అందుకే నేను డాబా మీద నడుస్తాను. మెట్లగది తలుపు దగ్గర మొదలెట్టి, నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరిగి, డిష్ గొడుగు కింద వంగి, ఎనిమిది అంకె వేస్తూ. ఎండాకాలం వడియాలు ఆరబెడితే ఎనిమిది కాస్తా సున్నా అవుతుంది. కింద వాటా పిన్నిగారికి నా చెప్పుల చప్పుడు వినిపిస్తుంది. అంతే నా సాక్షి. మధ్యాహ్నం డ్యూటీ పడితే పొద్దున్న, నైటు పడితే సాయంత్రం. ఎవర్నీ అడగక్కర్లేదు. ఎవరికీ చెప్పక్కర్లేదు. పాట పెట్టుకుంటే పాట, లేకపోతే ఏమీ లేదు. రోజంతా మనుషుల మధ్య, మూలుగుల మధ్య, "సిస్టర్, సిస్టర్" అనే పిలుపుల మధ్య ఉండేదాన్ని, మాస్టారూ. ఆ అరగంట నన్నెవరూ పిలవరు. మీరు తోడుంటేనే కసరత్తు తీపి అంటారు. నాకు తోడు లేకపోవడమే తీపి. దాన్ని తీసేసి నన్ను గుంపులో పెడితే మానేస్తాను.

మాస్టారు: నీకు సరే. నువ్వు అలా నడవగలవు. రోజూ ఇన్సులిన్ ఇచ్చేదానివి, నడవకపోతే ఏమవుతుందో కాళ్ళు చూసి తెలుసుకున్నదానివి. నీ భయం నిన్ను నడిపిస్తుంది. అందరికీ ఆ చదువు లేదు. వాళ్ళకి పుస్తకం బదులు పక్క మనిషి. నువ్వు నిన్ను చూసుకుని అందరి గురించీ చెప్తున్నావు.

సిస్టర్: మీరు మీ గుంపుని చూసుకుని చెప్తున్నట్టే.

మాస్టారు: అంతే, అంతే.

సిస్టర్: ఇంకో సంగతి. వ్యాయామం, ఫిట్‌నెస్, బృందం అంటున్నాం. మాది ఉద్దానం వైపు. మా అమ్మ జీడితోటల్లో పనిచేసింది. తిత్లీ తుపాను వచ్చి, 2018లో, చెట్లు కూలిపోయేదాకా. వంగి ఏరడం, మోయడం, నీళ్ళకి నడవడం. ఆవిడకి వ్యాయామానికి ప్రేరణ ఎలా కలిగించాలి అని అడిగితే చోడి అంబలి గ్లాసు కింద పెట్టి నవ్వుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు కదలమంటుంది, ఆవిడ అది ఒక్క పూటలో చేసింది. ఇప్పుడు ఆ పని పోయింది. కూర్చునే రోజులొచ్చాయి. మోకాళ్ళు అరిగాయి. ఆవిణ్ణి తీసుకెళ్ళి ట్రాక్ ప్యాంట్లవాళ్ళ మధ్య నడవమంటే నడుస్తుందా? పని లేకుండా ఊరికే నడవడం ఆవిడ దృష్టిలో మతిలేనివాళ్ళ లక్షణం.

మాస్టారు: మీ అమ్మగారు పనిచేసినన్నాళ్ళూ ఒక్కరే చేశారా?

సిస్టర్: ... లేదు. పదిమంది ఆడవాళ్ళు. కలిసి వెళ్ళేవారు, కలిసి వచ్చేవారు.

మాస్టారు: ఒకావిడ రాకపోతే?

సిస్టర్: గుమ్మంలోకెళ్ళి కేకేసేవారు. మీరెటు తీసుకెళ్తున్నారో తెలుస్తోంది. కానీ అక్కడ రాకపోతే కూలి పోతుంది, మాస్టారూ. ఆ కేకలో ప్రేమ ఎంతో, మేస్త్రీ భయమూ అంతే. ఆ రెండింటినీ విడదీసి చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాను.

మాస్టారు: విడదీయలేను. అయినా ఆ కేక అందుతుంది చూడు, అది నాకు కావాలి. మా దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. భార్య పోయింది, పిల్లలు అమెరికాలో. ఠంచనుగా వచ్చేవాడు, ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు, నాలుగు రౌండ్లు వేసి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు రాలేదు. మర్నాడూ రాలేదు. ఇద్దరం వెళ్ళాం. తలుపు లోపల గడియ. వంటింటి కిటికీలోంచి చూస్తే బాత్రూం గుమ్మంలో పడి ఉన్నాడు. తుంటి ఎముక. ముందు రోజు పొద్దున్న పడ్డాడు. నీళ్ళు కూడా లేవు. బతికాడు, తర్వాత నాలుగేళ్ళు. ఆయన మోకాళ్ళకి మా నడక ఏం చేసిందో నాకు తెలీదు. "నిన్న రాలేదేం" అన్న మాట ఏం చేసిందో తెలుసు. అది డాబా మీద ఎనిమిది వేసేవాళ్ళకి ఎవరడుగుతారు?

సిస్టర్: ఎవరూ అడగరు. దీన్ని వాదంలో పెట్టి ఓడించాలని నాకు లేదు. ఆ పెద్దాయన ఎముక అతికించింది మాలాంటివాళ్ళే, ఆ రెండు రోజుల విలువ మాకు తెలుసు. కానీ మీరు గుంపు పేరు చెప్పి చూపించింది కసరత్తు కాదు, ఇరుగుపొరుగు. అది గ్రౌండుకి రానివాళ్ళకీ ఉండాల్సింది. వచ్చినవాళ్ళకే ఇస్తున్నారు. ఇంకా గట్టిగా అడుగుతాను, గుంపు అంటే ఎంత గుంపు? 2025లో యోగాంధ్ర చూశాం. మే 21 నుంచి నెల రోజులు ఊరూరా యోగా శిక్షణ. జూన్ 21న విశాఖ ఆర్‌కే బీచ్ నుంచి మీ విజయనగరం జిల్లా భోగాపురం దాకా రోడ్డు పొడుగునా మనుషులు, దాదాపు మూడు లక్షలు. ప్రధానమంత్రి వచ్చారు. రికార్డు అన్నారు. 22వ తారీఖు పొద్దున్న?

మాస్టారు: 22న చాపలు చుట్టేశారు. నేనూ వెళ్ళాను, బస్సులో తెల్లవారుజామున తీసుకెళ్ళారు. అంత జనంలో నా పక్కన కూర్చున్న మనిషి పేరు నాకు తెలీదు. రాకపోతే అడిగే వీలే లేదు. అది జాతర. జాతరని నేను తక్కువ చెయ్యను, పైడితల్లమ్మ సిరిమాను చూసిన ఊరు నాది. కానీ ఆ నెల రోజుల శిక్షణలో మా వీధి నుంచి వచ్చినవాళ్ళలో ముగ్గురు ఇప్పటికీ నాతో నడుస్తున్నారు. మూడు లక్షలు నీవి, ముగ్గురు నావి. నాకు ముగ్గురే ముఖ్యం.

సిస్టర్: ఆ ముగ్గురి దగ్గర ఆగుదాం. మీ గుంపు కూడా పెరిగితే జాతరే అవుతుంది. పది మంది నలభై అవుతారు, ప్రెసిడెంటు, సెక్రటరీ వస్తారు, ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో పెద్దదన్నది వస్తుంది. పుట్టినరోజు కేకు గ్రౌండులోనే కోస్తారు. గేటు బయట కాకరకాయ రసం తాగి, రోడ్డు దాటి పూరీ తింటారు.

మాస్టారు: పూరీ జోలికి రాకు. పూరీ లేకపోతే సగం మంది రారు! మా క్లబ్బు రెండుగా చీలింది కూడా. ఎందుకో చెప్తే నవ్వుతావు, మైకులో భక్తిపాటలా పాత సినిమా పాటలా అని. ఇప్పుడు చెరువు గట్టున వాళ్ళు, గ్రౌండులో మేము. ఎదురుపడితే దణ్ణాలు పెట్టుకుంటాం. ఒక సంగతి మాత్రం ఉంది, చీలాక రెండు చోట్లా హాజరు పెరిగింది.

సిస్టర్: అది పంతం!

మాస్టారు: పంతమే. మనిషిని కదిలించేవాటిలో పంతానిది పెద్ద పీట. నీ కాయితాల్లో దానికేం పేరుందో.

సిస్టర్: ఉంది. పదకొండు లక్షల మంది పరుగు లెక్కలు తీసి 2017లో ఒక పరిశోధన వేశారు. స్నేహితుడు పరిగెడితే మనమూ ఆ రోజు ఎక్కువ పరిగెడతాం, అంటువ్యాధిలాగే. విచిత్రం ఏమిటంటే తక్కువ పరిగెత్తేవాళ్ళని చూసి ఎక్కువ పరిగెత్తేవాళ్ళు ఇంకా వేగం పెంచుతారట. వెనకవాడు అందుకుంటాడేమోనని. ముందున్నవాణ్ణి చూసి వెనకవాడు అంతగా కదలడు. అంటే గుంపు ఎవరికి పనికొస్తోంది? ఇప్పటికే పరిగెత్తేవాడికి! నా నలభై ఎనిమిదేళ్ళావిడకి కాదు.

మాస్టారు: మరి ఆవిడకి నువ్వేం చేస్తున్నావు?

సిస్టర్: ఫోన్ చేస్తాను.

మాస్టారు: ఫోనా?

సిస్టర్: ఆవిడకీ, ఆవిడలాంటి మరికొందరికీ, వారానికి ఓసారి. డ్యూటీ అయ్యాక, బస్సు కోసం ఏడు రోడ్ల జంక్షన్‌లో నిలబడ్డప్పుడు. "ఎలా ఉన్నారు, ఈ వారం ఎక్కడ నడిచారు" అంటాను. నడవలేదంటే "పోనీ రేపు గుడి దాకా వెళ్ళి రండి" అంటాను. 2006లో కెనడా వాళ్ళు, బర్క్, కారన్ అని, అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూశారు. నిజంగా ఒకరికొకరు తెలిసి, కలిసి గమ్యం పెట్టుకున్న గుంపు అన్నిటికన్నా మేలు. ఇది మీ వైపే. కానీ మామూలు క్లాసుకీ, ఇంట్లో ఒంటరిగా చేస్తూ మధ్యలో ఎవరో ఒకరు పలకరించడానికీ పెద్ద తేడా లేదు. ఏ పలకరింపూ లేకుండా ఇంట్లో వదిలేయడమే అన్నిటికన్నా తక్కువ. నేను ఆ పలకరింపు దగ్గర నిలబడ్డాను.

మాస్టారు: అంటే నువ్వూ గుంపు పెట్టావన్నమాట! పేరు పెట్టలేదు గాని.

సిస్టర్: కాదు. వాళ్ళలో ఒకరికొకరు తెలీదు. ఎవరెంత నడిచారో ఇంకొకరికి తెలీదు. ఒకావిడ ఆగిపోతే సిగ్గుపడ్డానికి ఎదుట మనిషి లేదు. మళ్ళీ మొదలెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ గుంపులో లేనిదీ, నా దగ్గర ఉన్నదీ అదే.

మాస్టారు: నీ దగ్గర లేనిదీ అదే. ఒకరికొకరు తెలీరు కాబట్టి, నీకు రేపు ట్రాన్స్‌ఫర్ అయి పాలకొండకో టెక్కలికో పోతే ఆ పదిమందీ పది దిక్కులు. నువ్వు దారం, వాళ్ళు పూసలు. దారం తెగితే? నా గుంపులో నేను లేకపోయినా ఒకరినొకరు అడుగుతారు.

సిస్టర్: మీకు శుక్లం ఆపరేషన్ అయినప్పుడు అడిగారా?

మాస్టారు: ... సగం మంది వచ్చారు.

సిస్టర్: మిగతా సగం?

మాస్టారు: నేను తిరిగొచ్చాక వచ్చారు.

సిస్టర్: అంటే వాళ్ళు గుంపు కోసం రావడంలేదు, మీ కోసం వస్తున్నారు. మీరూ దారమే, మాస్టారూ. నాది ఫోన్, మీది విజిల్. మీరు పోయాక ఆ గుంపు ఎన్నాళ్ళుంటుంది?

మాస్టారు: అది తేలాలంటే నేను పోవాలి కదా. నీ మాట నెగ్గించడానికి అంత బేగి పోనులే. వచ్చిన సగం మందిని చూడు, వాళ్ళని ఎవరు పిలిచారు? విజిల్ నా మెడలో లేదు, ఇంట్లో నా కంటి మీద కట్టుంది. అయినా వచ్చారు. ఆ సగం ఎలా వచ్చిందో ముందు చెప్పు, తర్వాత రాని సగం గురించి అడుగు.

సిస్టర్: రాని సగమే నా ఓపీకి వస్తుంది. నేను వాళ్ళ గురించే అడుగుతాను.